గుటక వెనక ‘ఆగు’ అనే మాట

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న పని చేద్దాం. గొంతు ముందు భాగంలో గట్టిగా ఒక ఉబ్బు తగులుతుంది చూడండి, దాని మీద రెండు వేళ్లు ఆనించండి. ఇప్పుడు ఒక గుటక వేయండి. ఆ ఉబ్బు పైకి లేచి మళ్లీ దిగింది కదా? అది దిగడంతో మీ ఇష్టం మీద నడిచే పని అయిపోయింది. మింగుదామని అనుకున్నది మీరే. మింగినదాన్ని నడిపించేది మాత్రం మీరు కాదు. ఇప్పుడు నేను ఈ మాట చెబుతుండగానే, ఆ కాస్త లాలాజలం వెంట మీ ఛాతీ లోపల ఒక అల కిందికి దిగుతోంది. సెకనుకు 2 నుంచి 4 సెంటీమీటర్ల వేగం. అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. అంటే దాదాపు 8 నుంచి 10 సెకన్ల ప్రయాణం.

ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ పది సెకన్ల గురించే. ఆ కాసేపట్లో కండరానికి ఎవరు ఏం చెబుతారు, ఏ భాషలో చెబుతారు, అది వినిపించకపోతే ఏమవుతుంది, అంతే.

చాలామంది అన్నవాహికను ఒక గొట్టం అనుకుంటారు. పైన వేస్తే కింద పడుతుంది, మధ్యలో పనేముంది అని. అది గొట్టం కాదు. తలకిందులుగా ఉండి నీళ్లు తాగినా అవి కడుపులోకే చేరతాయి. బరువే తెలియని అంతరిక్ష నౌకలో ఉన్నవాళ్లు కూడా మామూలుగానే మింగుతారు. ముద్దను తోసేది కండరం. ఆ కండరం రెండు పొరలుగా ఉంటుంది. లోపలిది ఉంగరాల్లా చుట్టి ఉంటుంది, బయటిది నిలువుగా సాగి ఉంటుంది. అన్నవాహిక పైభాగంలో ఉన్నది చేతుల్లో, కాళ్లలో ఉండే రకం చారల కండరం. మధ్యలో కలగలుపు. కింది సగం పూర్తిగా నునుపు కండరం. మన కథంతా ఈ నునుపు కండరంలోనే నడుస్తుంది. రెండు పొరల మధ్య వలలా అల్లుకున్న నాడీకణాలు ఉన్నాయి. 1860లలో లియోపోల్డ్ అవర్‌బాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త వాటిని వర్ణించాడు కాబట్టి అవర్‌బాక్ ప్లెక్సస్ అని పేరు. మెదడు నుంచి వేగస్ నాడి ద్వారా ‘మింగుతున్నాం’ అనే కబురు వస్తుంది. ఆ తర్వాతి వివరాలన్నీ చూసుకునేది ఈ వలే.

ఇక అన్నవాహిక కింది కొసన, కడుపులోకి తెరుచుకునే చోట, ఒక బిగుతైన ఉంగరం ఉంటుంది. వైద్యులు స్ఫింక్టర్ అంటారు, పాఠ్యపుస్తకాల్లో సంవరణి అని రాస్తారు. నేను కింది ద్వారం అంటాను, మీకూ నాకూ సుఖం. ఇది రాత్రీ పగలూ మూసుకునే ఉంటుంది. కడుపులో ఉన్న పీడనం కంటే సుమారు 10 నుంచి 30 మిల్లీమీటర్ల పాదరసం ఎక్కువ బిగువుతో. లేకపోతే కడుపులోని ఆమ్లం పైకి తన్నుకొస్తుంది.

ఇప్పుడు మీరు గుటక వేయగానే ఈ కండరానికి అందే మొదటి కబురు ఏమిటని అనుకుంటున్నారు? ‘బిగించు’ అనా? నేనూ విద్యార్థిగా ఉన్నప్పుడు అలాగే అనుకున్నాను. మొదటి కబురు ‘ఆగు’. ముద్ద ఇంకా గొంతులో ఉండగానే, నునుపు కండరం ఉన్న భాగమంతటికీ ఒకేసారి ‘కదలకు, వదులుగా ఉండు’ అనే ఆజ్ఞ వెళుతుంది. కింది ద్వారం 2 సెకన్లలోపే తెరుచుకుంటుంది, అల వచ్చేదాకా 6 నుంచి 8 సెకన్లు అలాగే తెరిచి ఉంటుంది. అతిథి వీధి మొదట్లో ఉండగానే తలుపు తీసి పెట్టినట్టు.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. దాహంతో గ్లాసు నీళ్లు గడగడా తాగేస్తారు, ఒకదాని తర్వాత ఒకటి, ఐదు గుటకలు. అప్పుడు అన్నవాహికలో ఎన్ని అలలు వస్తాయి? ఐదు అనుకుంటారు. వచ్చేది ఒక్కటే, చివరి గుటక తర్వాత. ప్రతి గుటకా అంతకు ముందు గుటక తెచ్చిన అలను ఆపేస్తుంది, మళ్లీ ‘ఆగు’ అంటుంది. తాగుతున్నంతసేపూ అన్నవాహిక కింది భాగం మెదలకుండా వదులుగా ఉంటుంది. ఆఖరి గుటక అయ్యాక ఒక్క బలమైన అల వచ్చి అంతా ఊడ్చేస్తుంది. ఈ రోజుల్లో అన్నవాహిక ఒత్తిడిని కొలిచే పరీక్షలో రోగి చేత కావాలనే ఇలా గబగబా మింగిస్తారు. చివర్లో ఆ బలమైన అల రాకపోతే కండరానికి నిల్వ శక్తి తక్కువని లెక్క.

మరి అంతటికీ ఒకేసారి ‘ఆగు’ అంటే, అల పైనుంచి కిందికి వరసగా ఎలా వస్తుంది? అన్నవాహిక వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇది. ఆజ్ఞ ఒకేసారి వెళ్లినా, దాని ప్రభావం అన్ని చోట్లా ఒకేసారి తీరిపోదు. పైభాగంలో తొందరగా తీరుతుంది, కిందికి పోయేకొద్దీ ఎక్కువసేపు నిలుస్తుంది. ఎక్కడ తీరితే అక్కడ కండరం బిగుస్తుంది. 1972లో ఒపోసమ్ అనే జంతువు అన్నవాహిక నుంచి వేర్వేరు ఎత్తుల్లో చిన్న చిన్న కండరపు ముక్కలు తీసి వాటిలోని నాడులను విద్యుత్తుతో ప్రేరేపించారు. విద్యుత్తు ఇస్తున్నంతసేపూ ముక్క బిగుసుకోలేదు. ఆపాక బిగిసింది. పై ముక్క తొందరగా, కింది ముక్క ఆలస్యంగా. శరీరం నుంచి తీసేసిన ముక్కలకు కూడా తమ వంతు ఎప్పుడో తెలుసన్నమాట. అంటే అల అని మనం చూస్తున్నది నిజానికి వరసగా ముగిసిపోతున్న విశ్రాంతి.

ఒపోసమ్ ఎందుకని అడుగుతారేమో. ఎలుకలో, చిట్టెలుకలో, కుక్కలో అన్నవాహిక దాదాపు పూర్తిగా చారల కండరమే. మనలా కింది భాగంలో నునుపు కండరం ఉన్న జంతువు కావాలి. పొట్ట సంచిలో పిల్లల్ని మోసే ఈ అమెరికా జంతువు ఆ రకంగా పరిశోధకులకు దొరికింది. దాని వల్ల మనకు చాలా తెలిసింది, దానికి మాత్రం ఏమీ ఒరగలేదు. (నవ్వులు)

నాడి తన కొసన ఏదో ఒక రసాయనాన్ని వదిలి కండరంతో మాట్లాడుతుంది. సరే, ఆ ‘ఆగు’ అనే మాట ఏ పదార్థం? మొదట్లో నాడుల భాషలో రెండే రెండు పదాలున్నాయని శాస్త్రవేత్తల నమ్మకం. అసిటైల్‌కోలిన్ ఒకటి, నార్‌అడ్రినలిన్ ఒకటి. అట్రోపిన్ అనే మందు ఇచ్చి మొదటిదాన్ని, వేరే మందులతో రెండోదాన్ని అడ్డుకున్నారు. అయినా వేగస్ నాడిని ప్రేరేపిస్తే కింది ద్వారం నిక్షేపంగా తెరుచుకుంది. అంటే మూడో పదం ఏదో ఉంది. పేరు తెలియదు కాబట్టి ‘అడ్రినలిన్‌దీ కాదు, కోలిన్‌దీ కాదు’ అనే అర్థం వచ్చే పొడుగాటి పేరు పెట్టి కొన్నేళ్లు గడిపేశారు. అది కాదు, ఇది కాదు అని చెప్పడం కూడా శాస్త్రంలో ఒక మెట్టే లెండి.

ఇక్కడ పెప్టైడ్‌లు రంగంలోకి వస్తాయి. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన చిన్న దండ. ప్రోటీన్ వందల పూసల దండ అయితే, పెప్టైడ్ కొద్ది పూసలది. 1970లో సమీ సయీద్, విక్టర్ మట్ అనే ఇద్దరు స్టాక్‌హోమ్‌లో పంది పేగు నుంచి 28 పూసల దండ ఒకటి వేరు చేశారు. అది రక్తనాళాలను వెడల్పు చేసింది, పేగు నుంచి వచ్చింది, కాబట్టి ‘వాసోయాక్టివ్ ఇంటెస్టినల్ పెప్టైడ్’ అన్నారు. పొట్టిగా వీఐపీ. కొన్నేళ్లకు చూస్తే అది పేగులోనే కాదు, మెదడులో ఉంది, నాడుల్లో ఉంది. పేరు ఎక్కడ దొరికిందో చెబుతుంది తప్ప ఏం చేస్తుందో చెప్పదు. మన రంగంలో ఈ గొడవ ఎప్పుడూ ఉన్నదే.

1980లో రాజ్ గోయల్, సతీశ్ రట్టన్, సయీద్ కలిసి ఒపోసమ్ కింది ద్వారం మీద చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. వీఐపీని పట్టేసుకునే యాంటీబాడీలున్న సీరమ్‌ను ముందే ఎక్కించి, తర్వాత వేగస్ నాడిని ప్రేరేపించారు. ద్వారం మునుపటంత వదులు కాలేదు. ఆ మూడో పదం వీఐపీయే కావచ్చని అప్పుడు గట్టి ఆధారం దొరికింది.

వీఐపీ కండరాన్ని ఎలా వదులు చేస్తుంది? కండరకణం పైపొర మీద దాని కోసమే ఉన్న గ్రాహకానికి వెళ్లి అతుక్కుంటుంది. లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. దాంతో కణంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం తగ్గుతుంది. నునుపు కండరంలో పెత్తనమంతా కాల్షియానిదే. పెరిగితే మయోసిన్ పోగులు యాక్టిన్ పోగులను పట్టి లాగుతాయి, తగ్గితే పట్టు సడలుతుంది. అంతకు మించిన జీవరసాయనం ఇక్కడ మీ నెత్తిన రుద్దను.

బిగించే వైపు ఎవరున్నారు? ప్రధానంగా అసిటైల్‌కోలిన్. దానికి తోడు మరో పెప్టైడ్, సబ్‌స్టెన్స్ పీ. దీని కథ మరీ విచిత్రం. 1931లో వాన్ ఆయిలర్, గ్యాడమ్ అనే ఇద్దరు గుర్రం మెదడు, పేగుల నుంచి తీసిన సారంలో పేగు కండరాన్ని బిగించే గుణాన్ని కనిపెట్టారు. అట్రోపిన్ ఇచ్చినా ఆ బిగింపు ఆగలేదు. పదార్థం ఏమిటో తెలియదు, తయారీ అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాటలోని మొదటి అక్షరం ‘పీ’ అలా మిగిలిపోయింది. నలభై ఏళ్లు దాని నిర్మాణం ఎవరికీ తెలియలేదు. సూసన్ లీమన్ అనే శాస్త్రవేత్త వేరే హార్మోన్ కోసం ఆవు మెదడు సారాన్ని శుద్ధి చేస్తూ, అందులో ఒక భాగం ఎలుకకు ఇస్తే దానికి నోరూరి చొంగ కారడం గమనించింది. వదిలేయకుండా దాని వెంట పడింది. 1971లో తేలింది, అది 11 పూసల సబ్‌స్టెన్స్ పీయేనని. వెతికింది ఒకటి, దొరికింది ఒకటి. దీని బంధువు న్యూరోకైనిన్ ఏ కూడా అన్నవాహిక కండరాన్ని గట్టిగా బిగిస్తుంది. ఇవి కణంలో దాచి ఉన్న కాల్షియాన్ని బయటికి వదిలిస్తాయి. వీఐపీ చేసిన దానికి సరిగ్గా ఎదురు పని.

వీఐపీయే ‘ఆగు’ అనే మాట అని చెప్పి ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కానీ 1990 ప్రాంతంలో ఒక వాయువు వచ్చి కథను మార్చేసింది. నైట్రిక్ ఆక్సైడ్. రక్తనాళాలను సడలించే సంకేతంగా దాన్ని కనుక్కున్నందుకే 1998లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. ఆ వాయువే అన్నవాహిక నాడుల్లోనూ ఉంది. దాని తయారీని అడ్డుకుంటే కింది ద్వారం సరిగా తెరుచుకోదు. మనుషుల మీద జరిగిన ఒక ప్రయోగంలో తమంతట తాము ముందుకొచ్చిన కొందరికి ప్రయోగశాలలో తయారు చేసిన హీమోగ్లోబిన్ ఎక్కించారు. హీమోగ్లోబిన్ నైట్రిక్ ఆక్సైడ్‌ను స్పంజిలా పీల్చేస్తుంది. దాంతో వాళ్ల అన్నవాహికలో వరస తప్పింది. అల వేగం పెరిగింది, పైనా కిందా ఒకేసారి బిగుసుకోవడం మొదలైంది. ‘ఆగు’ అనే మాట లేకపోతే అల ఉండదని అంతకంటే స్పష్టంగా ఎలా చెబుతారు? నేటి పరీక్షల్లో గుటకకూ కింది భాగం బిగింపుకూ మధ్య 4.5 సెకన్లకంటే తక్కువ వ్యవధి వస్తే, ఆ బిగింపు వేళకు ముందే వచ్చిందని రాస్తారు.

మరి వీఐపీ ఓడిపోయిందా? లేదు. చాలావరకు ఒకే నాడీకణంలో రెండూ ఉంటాయని తేలింది. నా అభిప్రాయం అడిగితే, వాటి పని తీరులోనే జవాబు ఉంది. నైట్రిక్ ఆక్సైడ్‌ను ముందే చేసి దాచడం కుదరదు. కావలసినప్పుడు అప్పటికప్పుడు తయారవుతుంది, సెకన్లలో మాయమవుతుంది. పెప్టైడ్ అలా కాదు. నాడీకణం మధ్యభాగంలో పెద్ద ప్రోటీన్‌గా పుట్టి, ముక్కలై, బుడగల్లో నిండి, నాడి కొసదాకా ప్రయాణించి అక్కడ నిల్వ ఉంటుంది. ఆ బుడగలు ఒకటీ అరా ప్రేరణకు తెరుచుకోవు, నాడి పదే పదే మోగాలి. విడుదలయ్యాక ఎంజైమ్‌లు దాన్ని కోసేదాకా పని చేస్తూనే ఉంటుంది. అందుకని ద్వారాన్ని తెరిచే చేయి ఎక్కువగా వాయువుదీ, దాన్ని తెరిచి పట్టుకోవడంలో పెప్టైడ్ సాయం ఉందనీ నేను అనుకుంటాను. అందరూ ఒప్పుకోరు. మా వాళ్లు ఇద్దరు ఒకచోట కూర్చుంటే ఈ విషయం మీద టీ చల్లారిపోతుంది.

ఇక రోగం దగ్గరికి వద్దాం. 1674లో లండన్ వైద్యుడు థామస్ విల్లిస్ ఒక రోగి గురించి రాశాడు. తిన్నది గొంతు దిగుతుంది కానీ కడుపులోకి పోదు, అన్నవాహిక నిండి తిరిగి బయటికి వచ్చేస్తుంది. విల్లిస్ తిమింగిలం నోట్లోని పలకతో చేసిన వంగే కడ్డీ చివర స్పంజి ముక్క కట్టి ఇచ్చాడు. ఆ మనిషి ప్రతి భోజనంలోనూ దాన్ని మింగి, ముద్దను తోసుకుంటూ ఏళ్ల తరబడి బతికాడు. దీన్ని ఇప్పుడు అకలేషియా అంటాం. గ్రీకులో ‘సడలకపోవడం’ అని అర్థం. ఇందులో కండరం చెడిపోలేదు. ‘ఆగు’ అని చెప్పే నాడీకణాలు చచ్చిపోయాయి. ‘బిగించు’ అనేవి చాలాకాలం మిగిలి ఉంటాయి. 1983లో ఈ రోగుల అన్నవాహిక ముక్కలను పరీక్షిస్తే వీఐపీ ఉన్న నాడీ పోగులు దాదాపు కనిపించలేదు. దక్షిణ అమెరికాలో చాగాస్ వ్యాధి కలిగించే పరాన్నజీవి ఈ కణాలనే నాశనం చేసి ఇలాంటి రోగాన్నే తెస్తుంది.

ఈ రోగుల్లో మరో పెప్టైడ్ చేసే విచిత్రం చూడండి. కొలిసిస్టోకైనిన్, సీసీకే అంటాం. కొవ్వు ఎక్కువున్న భోజనం చేస్తే చిన్నపేగు మొదటి భాగం దీన్ని రక్తంలోకి వదులుతుంది. పిత్తాశయాన్ని బిగించి పిత్తరసం పంపించడం దీని మొదటి ఉద్యోగం. ఆరోగ్యంగా ఉన్నవారికి దీన్ని ఇంజెక్షన్‌గా ఇస్తే కింది ద్వారం వదులవుతుంది. అకలేషియా రోగికి ఇస్తే అదే ద్వారం బిగుస్తుంది! 1981లో దీన్ని ప్రచురించారు. ఒకే పెప్టైడ్, ఒకే ద్వారం, ఎదురు ఫలితం. ఎందుకంటే సీసీకే రెండు చోట్ల మాట్లాడుతుంది. కండరంతో నేరుగా ‘బిగుసుకో’ అంటుంది. పక్కనున్న నాడీకణంతో ‘నువ్వు ఆగు అని చెప్పు’ అంటుంది. మామూలు మనిషిలో రెండో మాటదే పైచేయి. ఆ నాడీకణం చచ్చిపోయిన మనిషిలో మొదటి మాట ఒక్కటే వినిపిస్తుంది. కాబట్టి ఎవరైనా ‘ఈ పెప్టైడ్ బిగిస్తుంది, ఆ పెప్టైడ్ వదులు చేస్తుంది’ అని పట్టిక వేసి చూపిస్తే కాస్త అనుమానించండి. వినేవాడెవడో తెలియకుండా మాటకు అర్థం చెప్పలేం.

రక్తంలో తిరిగే పెప్టైడ్‌ల విషయంలో మేం ఒకసారి బాగా పప్పులో కాలేశాం. 1970ల మొదట్లో కింది ద్వారం బిగువుకు కారణం గ్యాస్ట్రిన్ అనే కడుపు హార్మోన్ అని నమ్మారు. ఇంజెక్షన్ ఇస్తే బిగువు పెరిగింది మరి. తర్వాత లెక్కలు సరిచూస్తే, భోజనం తర్వాత శరీరంలో సహజంగా పెరిగే మోతాదులో గ్యాస్ట్రిన్ ఆ పని చేయట్లేదు. పరిశోధకులు ఇచ్చిన మోతాదు చాలా ఎక్కువ. ఎక్కువ పోస్తే ఏదైనా పని చేస్తుంది. మోటిలిన్ మాత్రం ఆ పరీక్షకు నిలబడింది. 22 పూసల దండ. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి రక్తంలో పెరుగుతుంది. అప్పుడు కడుపు గట్టిగా ముడుచుకుని మిగిలిన చెత్తను ఊడుస్తుంది. ఆ సమయంలోనే కింది ద్వారం కూడా బిగుస్తుంది, లేకపోతే ఆ ఊడ్పు పైకి తన్నుతుంది. ఎరిత్రోమైసిన్ వేసుకున్నప్పుడు కొందరికి కడుపులో మెలిపెట్టినట్టు ఉండేది ఇందుకే. ఆ యాంటీబయాటిక్ మోటిలిన్ గ్రాహకాన్ని తట్టి లేపుతుంది.

ఓపియాయిడ్‌ల గురించి ఒక్క మాట. నొప్పి తగ్గించడానికి శరీరమే చేసుకునే 5 పూసల ఎన్‌కెఫలిన్‌లను 1975లో కనుక్కున్నారు. మార్ఫిన్ లాంటి మందులు వాటి గ్రాహకాల మీదే పని చేస్తాయి. నెలల తరబడి అవి వాడేవాళ్లలో కొందరికి మింగడం కష్టమవుతుంది, పరీక్షలో చూస్తే అకలేషియాను పోలి ఉంటుంది. ‘ఆగు’ అని చెప్పే నాడి నోరు ఆ మందు నొక్కేస్తుంది. మందు ఆపితే చాలామందిలో తగ్గుతుంది. కాబట్టి ఇలాంటి రోగి వస్తే కత్తి పట్టే ముందు మందుల చీటీ చూడాలి.

ఇక ప్రశ్నలు అడగండి.

(సభలో ఒకరు: అకలేషియాలో వీఐపీయే లేదంటున్నారు కదండీ. దాన్నే ఇంజెక్షన్‌గా ఇవ్వొచ్చు కదా?)

మంచి ప్రశ్న అండీ. ఇవ్వలేం. నాడి కొసన విడుదలైన వీఐపీ వెంట్రుకవాసి దూరంలో ఉన్న కండరంతో మాట్లాడుతుంది. రక్తంలోకి ఎక్కిస్తే ఒళ్లంతటితో మాట్లాడుతుంది. రక్తనాళాలు వెడల్పై రక్తపోటు పడిపోతుంది, ముఖం ఎర్రబడుతుంది. పైగా నిమిషం రెండు నిమిషాల్లో రక్తంలోని ఎంజైమ్‌లు దాన్ని కోసేస్తాయి. ఒంట్లో వీఐపీ ఎడతెగకుండా ఊరితే ఎలా ఉంటుందో మాకు తెలుసు. క్లోమంలో వీఐపీ తయారు చేసే గడ్డలు అరుదుగా వస్తాయి, ఆ రోగులకు రోజుకు లీటర్ల కొద్దీ నీళ్ల విరేచనాలవుతాయి. 1958లో వర్నర్, మారిసన్ అనే ఇద్దరు వైద్యులు అలాంటి రోగులను వర్ణించారు, అప్పటికి వీఐపీ అనే పేరే లేదు.

(అదే వ్యక్తి: మరి ఏం చేస్తారు?)

‘ఆగు’ అని చెప్పేవాణ్ణి తిరిగి తేలేం కాబట్టి ‘బిగించు’ అనేవాడి నోరు మూయిస్తాం. బోట్యులినమ్ విషాన్ని అతి చిన్న మోతాదులో కింది ద్వారంలోకి ఎక్కిస్తే అసిటైల్‌కోలిన్ విడుదల ఆగుతుంది. కొన్ని నెలలు పని చేస్తుంది, తర్వాత మళ్లీ మొదటికి వస్తుంది. లేదా ద్వారాన్ని బెలూన్‌తో సాగదీస్తాం. లేదా ఆ ఉంగరపు కండరాన్నే కోసేస్తాం. 1913లో హెల్లర్ అనే జర్మన్ సర్జన్ చేసిన శస్త్రచికిత్స అదే. 2008లో జపాన్‌లో ఇనోయె అనే వైద్యుడు నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి, గోడ లోపల సొరంగం తవ్వి, బయట గాటు లేకుండా ఆ కోత కోశాడు. ఇవన్నీ బాగా పని చేస్తాయి, కానీ ఇవేవీ అలను తిరిగి తెప్పిస్తాయని భరోసా ఇవ్వలేం. ద్వారం తెరుచుకుంటుంది, తోసేవాడు ఉండడు. అందుకే చికిత్స అయ్యాక రోగికి చెబుతాం, నిటారుగా కూర్చుని తినండి, బాగా నమలండి, మధ్యమధ్యలో నీళ్లు తాగండి, తిన్న వెంటనే పడుకోకండి అని. మొదట్లో నేను గొట్టం కాదు, గొట్టం కాదు అన్నాను చూడండి. ఆ రోగికి మాత్రం అన్నవాహిక నిజంగానే గొట్టం. పైన వేస్తే కింద పడాలి.